నాటాల్ వెళ్ళిన పెద్దాయన వారసుల కోసం సంతకం పెడితే మన పొలంలో వాటా పోతుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా ముత్తాతగారి అన్న అప్పలసామి 1890ల చివర్లో చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళి మళ్ళీ రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. భార్యను ఇక్కడే వదిలి వెళ్ళారట, ఆవిడకు పిల్లలు లేరు. ఈమధ్య డర్బన్ నుంచి ఒకావిడ తాను ఆయన మునిమనవరాలి కూతురినని, ఓసీఐ కార్డు (విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) కోసం వంశవృక్షం మీద మా సంతకాలు, ఒక అఫిడవిట్ కావాలని వాట్సాప్‌లో అడుగుతోంది. వలస కూలీల పేర్లు రాసుకున్న ఓడ రిజిస్టర్ కాపీ కూడా పంపింది. సంతకం పెడితే మాకున్న 3 ఎకరాల 40 సెంట్లలో వాటా అడుగుతారని మా అన్నదమ్ములు ఒప్పుకోవడం లేదు. దేశం వదిలి వెళ్ళినవాడికి హక్కేమిటని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందు పొలం సంగతి చెబుతాను. అది తేలితేగాని మిగతాది మీ అన్నదమ్ముల చెవికెక్కదు. ఫలానా ఆయన మా ముత్తాత అన్నగారు అని నిజం రాసి సంతకం పెట్టినంత మాత్రాన ఎవరికీ మీ భూమిలో వాటా పుట్టదు. బంధుత్వం ఒప్పుకోవడం వేరు, ఆస్తిలో హక్కు ఒప్పుకోవడం వేరు. ఈ రెండూ కలిపి చూడబట్టే మీ ఇంట్లో ఇంత టెన్షన్.

అయితే మీ తమ్ముడి మాట సరికాదు. ఉమ్మడి కుటుంబంలో పుట్టిన మగవాడికి ఉమ్మడి ఆస్తిలో హక్కు పుట్టుకతోనే వచ్చేది, సముద్రం దాటినంత మాత్రాన అది పోలేదు, అక్కడ పుట్టిన కొడుకులకూ సంక్రమించి ఉండేది. ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టే అనే సూత్రం ఒకటి అందరికీ తెలుసు, పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్. అది మనిషి లేడని అనుకోవడానికే పనికొస్తుంది. వారసులు లేరని దాని అర్థం కాదు.

మరి మీకు భయం ఎందుకు అక్కర్లేదంటే, మీరు రాసినదాన్ని బట్టి ఈ పొలం బొబ్బిలి జమీందారీ ఎస్టేటు కింద ఉండేది, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్‌లో మీ తాతగారి పేరున రైత్వారీ పట్టా వచ్చింది, 1974లో అన్నదమ్ములు రిజిస్టర్డ్ దస్తావేజుతో పంచుకున్నారు, అందులో ఒక ముక్క బయటివాళ్ళకు అమ్మారు కూడా. అప్పలసామిగారు వెళ్ళేనాటికే ఈ పొలం ఇంట్లో ఉందని ముందు వాళ్ళు రుజువు చెయ్యాలి. ఆయన వెళ్ళాక మీ ముత్తాతో తాతో సంపాదించుకున్నదైతే ఆయన వాటా అన్న మాటే రాదు. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఆనాటి భూముల రికార్డు) నకలు ఒకటి తీయించి దగ్గర పెట్టుకోండి.

ఒకవేళ పాత ఉమ్మడి పొలమే అనుకుందాం. ఉమ్మడి ఆస్తి నుంచి మినహాయించబడ్డవాడు వాటా అడగాలంటే, ఆ సంగతి తనకు తెలిసినప్పటి నుంచి 12 ఏళ్ళలోపు దావా వెయ్యాలి. ఇది కాలపరిమితి చట్టం 110వ ఆర్టికల్. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు ఎన్నేళ్ళు సాగుచేసుకున్నా, ఒట్టి సాగు వల్ల రెండోవాడి హక్కు పోదు. ఇది నాదే, నీకు లేదు అని బాహాటంగా, రెండోవాడికి తెలిసేలా అనుభవించి ఉండాలని 1957లోనే సుప్రీంకోర్టు పి. లక్ష్మిరెడ్డి కేసులో చెప్పింది. డర్బన్ వాళ్ళు మాకు ఇన్నాళ్ళూ తెలియదు అనవచ్చు. కానీ వెళ్ళిన మనిషికి తన ఇల్లూ పొలమూ తెలుసు, బతికుండగా ఆయన గానీ ఆ తర్వాత ఆయన కొడుకులు గానీ ఒక్క ఉత్తరం ముక్క రాసి వాటా అడగలేదు, ఇక్కడ పట్టా, పంపకం, అమ్మకం అన్నీ రిజిస్టర్ల సాక్షిగా జరిగాయి. నూట పాతికేళ్ళ మౌనాన్ని కోర్టు పక్కన పెట్టదు. దావా వెయ్యకుండా ఎవరినీ ఆపలేం గానీ, నిలబడే దావా మాత్రం నాకిక్కడ కనపడటం లేదు.

మన సంతకంతో చచ్చిన హక్కు మళ్ళీ లేస్తుందేమో అన్నది మీ అన్నయ్య ప్రశ్న. మంచి ప్రశ్నే. కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు మళ్ళీ మొదటినుంచి లెక్కకు వస్తుంది, కానీ ఆ ఒప్పుకోలు ఆస్తి హక్కు గురించి ఉండాలి, గడువు దాటకముందే రాసి ఉండాలి. గడువు దాటితే అదే చట్టం 27వ సెక్షన్ కింద ఆ హక్కే ఆరిపోతుంది. అందుకే అఫిడవిట్‌లో పొలం ఊసే ఎత్తవద్దు. సర్వే నంబరు వద్దు, ఉమ్మడి ఆస్తి అన్న మాట వద్దు. ఓసీఐ వచ్చాక ఆవిడ ఊళ్ళో పొలం కొంటుందేమో అని కూడా రాశారు, ఓసీఐ కార్డుదారులకు వ్యవసాయ భూమి కొనే వీలే లేదు.

ఇక అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది. ఆవిడ చెబుతున్న అప్పలసామి, మీ అప్పలసామి ఒక్కరేనా? మన ఉత్తరాంధ్రలో ఆ పేరు వీధికి నలుగురికి ఉంటుంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి తొలి కూలీలతో డర్బన్‌లో దిగింది మొదలు 1911 దాకా నాటాల్ చేరినవాళ్ళు 1,52,184 మంది, అందులో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలవాళ్ళు చాలామంది. ఎన్ని వందల మంది అప్పలసాములు ఉండి ఉంటారో ఆలోచించండి.

మీరు పంపిన కాపీని పెద్దది చేసి చూశాను. ఓడ రిజిస్టర్‌లో మనిషికి ఒక వరస. మొదట కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి అక్కడ ఇచ్చిన నంబరు), తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఈ వరసలో తండ్రి పేరు రామునాయుడు అన్నట్టుంది, వయసు 22, గుర్తు దగ్గర ఎడమ మోకాలి మీద కాలిన మచ్చ అని రాశారు. ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినపడిందో అలా రాసుకున్నాడు, మొదటి రెండక్షరాలే మీ ఊరితో కలుస్తున్నాయి. తాలూకా బొబ్బిలి అని ఉండటం మీకు బలం. జిల్లా వైజాగపటం అని ఉందని కంగారు పడకండి, విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, శ్రీకాకుళం 1950లో, అప్పట్లో అదంతా ఒకటే.

ఇంటిపేరు లేదేమిటని అడిగారు. అక్కడ మన ఇంటిపేర్లు రాయలేదు. తండ్రి పేరో, కులం పేరో పిల్లలకు ఇంటిపేరై కూర్చుంది. నాయుడు అక్కడ నాయిడూ అయింది, అప్పలసామి అన్నదే ఇంటిపేరుగా బతుకుతున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఆవిడ ఇంటిపేరు మీతో కలవకపోవడం అనుమానించాల్సిన విషయం కాదు, కలిస్తేనే కాస్త ఆలోచించాలి.

ఆవిణ్ణి మీరు అడగాల్సింది ఆయన మరణ పత్రం. నాటాల్‌లో ఎవరైనా ఆస్తి వదిలి పోతే మాస్టర్ ఆఫ్ ది సుప్రీంకోర్టు ఆఫీసులో ఫైలు తెరిచేవారు, ఇప్పుడవి పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అందులో డెత్ నోటీస్ అనే కాగితంలో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, పెళ్ళి, భార్య, పిల్లలందరి పేర్లు, ఆస్తి వివరం ఉంటాయి. వంశవృక్షానికి దీన్ని మించిన సాక్ష్యం దొరకదు. అక్కడి పెళ్ళి నమోదు, పిల్లల జనన నమోదు కూడా ప్రొటెక్టర్ ఆఫ్ ఇండియన్ ఇమ్మిగ్రెంట్స్ (వలస కూలీల వ్యవహారాలు చూసిన అధికారి) రిజిస్టర్లలో చూడమనండి. అన్ని కాగితాల మీదా అదే కలోనియల్ నంబరు కనిపిస్తే అక్కడి గొలుసు గట్టిదే. ఇక్కడి కొస కలపాల్సింది మీరు.

ఆయన ఎందుకు తిరిగి రాలేదు, ఇక్కడి భార్యను మరిచిపోయాడా అని మీ ఉత్తరంలో కాస్త కోపంగా రాశారు. ఆయన మనసు నాకు తెలియదు, కానీ అప్పటి చట్టం తెలుసు. కాంట్రాక్టు అయిదేళ్ళు. ఉచిత తిరుగు ఓడ కావాలంటే పాత నిబంధనల్లో పదేళ్ళు కాలనీలో ఉండాలి. 1895 చట్టం తర్వాత వెళ్ళినవాళ్ళు అయిదేళ్ళు నిండాక మళ్ళీ కాంట్రాక్టు రాయాలి, లేదా తిరిగి రావాలి, ఈ రెండూ కాక స్వేచ్ఛగా బతుకుతానంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. నెలకు పది, పదిహేను షిల్లింగులు చూసే మనిషికి అది నెలల కూలి. గాంధీగారి 1913 పోరాటం తర్వాత 1914లో ఆ పన్ను పోయింది. అప్పటికి మీ పెద్దాయనకు నలభై దగ్గర పడి ఉంటాయి, అక్కడ పిల్లలు ఎదుగుతూ ఉంటారు.

అక్కడ రెండో పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి ఆ సంతానం చెల్లదు అనే వాదన మీ ఇంట్లో ఎవరైనా తెస్తే ఒప్పుకోకండి. మన మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్ళిని నిషేధించింది 1949లో. అంతకుముందు చేసుకున్న పెళ్ళి చట్టప్రకారం చెల్లుతుంది, ఆ పిల్లలు ఆయన పిల్లలే.

ఓసీఐ సంగతి. నాలుగు తరాలే అని ఎవరో చెప్పారన్నారు. పౌరసత్వ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26న భారత పౌరుడయ్యే అర్హత ఉన్నవాళ్ళ పిల్లలు, మనవలు, మునిమనవల దాకా అడగవచ్చు. ఆ అర్హత వెళ్ళిన మనిషి ఒక్కడికే ఉండేది కాదు. రాజ్యాంగం 8వ ఆర్టికల్ తల్లిదండ్రులుగానీ వాళ్ళ తల్లిదండ్రులుగానీ ఇక్కడ పుట్టి ఉంటే విదేశంలో ఉన్నవాళ్ళకూ వీలు కల్పించింది. అంటే 1950లో బతికున్న అప్పలసామిగారి మనవడి నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు, ఈవిడ ఆ మనవడికి మనవరాలు. లెక్క సరిపోతుంది. సురినామ్‌కు 2023లో, ట్రినిడాడ్‌కు 2025లో ఆరో తరం దాకా, మారిషస్‌కు 2024లో ఏడో తరం దాకా ఇస్తామని మన ప్రభుత్వం ప్రకటించింది కూడా. దక్షిణాఫ్రికావాళ్ళకు ఏ కాగితాలు చాలతాయో డర్బన్‌లోని మన కాన్సులేట్‌లో రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు మీకు పంపమనండి. ఓడ రిజిస్టర్, డెత్ నోటీస్ ఉంటే మీ అఫిడవిట్ బలం చేకూర్చేదే గానీ అదొక్కటే ఆధారం కాదు.

అఫిడవిట్ ఎలా రాయాలంటే, మీకు తెలిసింది తెలిసినట్టు, విన్నది విన్నట్టు. "మా తండ్రి, మా మేనత్త చెప్పగా విన్నాను" అనే మాట తప్పకుండా ఉండాలి. ఓడ రిజిస్టర్‌లోని వ్యక్తి ఈయనే అని ఖాయంగా రాయవద్దు, తండ్రి పేరు, తాలూకా మా కుటుంబ వివరాలతో సరిపోతున్నాయి అని రాస్తే చాలు. అబద్ధమని తెలిసి ప్రమాణం చెయ్యడం నేరం, సాయం చేద్దామనే మంచి మనసుతో చేసినా నేరమే. నోటరీ దగ్గర చేయించి ఒక ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకోండి. ఖాళీ స్టాంపు కాగితం మీద గానీ, పవర్ ఆఫ్ అటార్నీ మీద గానీ సంతకం పెట్టవద్దు, ఓసీఐకి వాటితో పని లేదు.

అన్నిటికంటే ముందు మీ మేనత్తగారి దగ్గరికి వెళ్ళండి. 88 ఏళ్ళన్నారు, చిన్నప్పుడు ఆ వదిలేసిన భార్యను కళ్ళారా చూశారన్నారు. తగాదా పుట్టకముందు ఇంటి పెద్దలు బంధుత్వం గురించి చెప్పిన మాటకు, వాళ్ళు పోయాక కూడా భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ కింద సాక్ష్యంగా విలువ ఉంటుంది. ఇప్పుడు ఏ తగాదా లేదు, ఇదే సమయం. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే తెలుగులో రాయించి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఫోన్‌లో వీడియో కూడా తీసి పెట్టండి. మోకాలి మీద కాలిన మచ్చ సంగతి మీరు ముందుగా చెప్పవద్దు, పెద్దాయనకు ఒంటి మీద ఏదైనా గుర్తు ఉండేదని విన్నారా అని మాత్రం అడగండి.

మీరు పంపిన వంశవృక్షం నకలులో అప్పలసామిగారి పక్కన డర్బన్ భార్య పేరు ఒక్కటే ఉంది. ఇక్కడే ఉండిపోయిన ఆ మొదటి భార్య పేరు మీ మేనత్తగారికి తప్పక గుర్తుండి ఉంటుంది. అడిగి, ఆయన పక్కన ఆవిడ పేరూ రాయించాకే సంతకం పెట్టండి.