ఎలుక ముందా, అనుమతి ముందా?

(పరిశోధన విద్యార్థులు, అధ్యాపకులు పంపిన ప్రశ్నలకు సమాధానాలు)

ప్రశ్న: నేను ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పొడపత్రి ఆకు సారం మధుమేహం ఉన్న ఎలుకలపై ఎలా పనిచేస్తుందన్నది నా థీసిస్ అంశం. సీనియర్ ఒకరి ఫారం-బి (జంతు ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) తీసుకొని, పేర్లు మార్చి, గుంపుకు ఆరు చొప్పున ముప్ఫై ఎలుకలు కావాలని దరఖాస్తు చేశాను. సమావేశానికి ముందే దాన్ని చదివిన మా కాలేజీ ఎథిక్స్ కమిటీ సభ్యులొకరు "ఆరే ఎందుకు?" అని రాసి తిప్పి పంపారు. మా గైడ్ గారేమో "కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తెలియదు, ఈలోగా పని మొదలుపెట్టు, తేదీలు తరువాత సర్దుకోవచ్చు" అంటున్నారు. నేనేం చేయాలి? — ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మొదలుపెట్టకండమ్మా. గైడ్ గారి మాట కాదనడం విద్యార్థికి ఎంత కష్టమో తెలిసే ఈ మాట రాస్తున్నాను. జంతు ప్రయోగానికి అనుమతి ముందుగానే తీసుకోవాలి, జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఇచ్చే అధికారం ఏ కమిటీకీ లేదు. తేదీలు సర్దడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఎలుకలు అమ్మినవారి బిల్లు మీద ఒక తేదీ ఉంటుంది, జంతుశాలలో జంతువుల లెక్క రాసే ఫారం-డి రిజిస్టరులో ఒక తేదీ ఉంటుంది, కమిటీ మినిట్స్‌లో మరొకటి ఉంటుంది. రేపు మీ వ్యాసాన్ని జర్నల్‌కు పంపినప్పుడు వారు మొట్టమొదట అడిగేది ఆ అనుమతి సంఖ్యనే. గైడ్ గారితో వాదించే బదులు "అనుమతి సంఖ్య లేకపోతే జర్నల్ తీసుకోదట సార్" అని చెప్పి చూడండి. ఆ మాటకు చాలామంది ఆగుతారు.

ఈ అనుమతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దరఖాస్తులో ఏం రాయాలో కూడా అర్థమవుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. ప్రాణం నిలబెట్టే, బాధ తగ్గించే, లేదా వ్యాధిని ఎదుర్కొనే జ్ఞానం కోసం చేసే ప్రయోగం చట్టవిరుద్ధం కాదని 14వ సెక్షను చెబుతుంది. కానీ అనవసరమైన బాధ కలగకుండా చూడడానికి ఒక కేంద్ర కమిటీని నియమించవచ్చని 15వ సెక్షను అంటుంది. నిన్నమొన్నటి వరకు సీపీసీఎస్ఈఏ అని, ఇప్పుడు సీసీఎస్ఈఏ అని మనం పిలిచేది ఆ కమిటీనే. అది ప్రస్తుతం కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేస్తోంది. 1998 నాటి నియమాల ప్రకారం ప్రయోగాలు చేసే ప్రతి సంస్థా అక్కడ నమోదు కావాలి, తనకంటూ ఒక ఎథిక్స్ కమిటీని ఏర్పాటు చేసుకోవాలి. ఎలుకలు, చిట్టెలుకలు, గినీ పందులు, కుందేళ్ళ వంటి చిన్న జంతువుల దరఖాస్తులను ఈ సంస్థాగత కమిటీయే తేలుస్తుంది. కుక్కలు, కోతుల వంటి పెద్ద జంతువులైతే ఇక్కడి సిఫారసుతో కేంద్ర కమిటీ దాకా వెళ్ళాలి. మీ కమిటీలో సంస్థలోని శాస్త్రవేత్తలు, జంతుశాల బాధ్యులు, పశువైద్యులే కాక బయటి సంస్థ శాస్త్రవేత్త ఒకరు, శాస్త్ర రంగానికి చెందని సామాజిక స్పృహ గల సభ్యులొకరు, కేంద్ర కమిటీ పంపిన ప్రతినిధి కూడా ఉంటారు. ఆ ప్రతినిధి లేకుండా జరిగిన సమావేశం చెల్లదు. మీ కాలేజీలో సమావేశం ఆలస్యం కావడానికి కారణం బహుశా ఇదే అయి ఉంటుంది.

ఉల్లంఘనకు చట్టంలోని జరిమానా రెండు వందల రూపాయల లోపే. 1960 నాటి రెండు వందలను ఇప్పటికీ ఎవరూ సవరించలేదు. ఆ అంకె చూసి నవ్వుకునేవారు మాత్రం ఉల్లంఘన ఒక సంస్థలో జరిగితే ఆ సంస్థ అధిపతినే దోషిగా భావిస్తారన్న 20వ సెక్షను మిగతా సగాన్ని చదవరు.

ఇక మీ అసలు చిక్కు, ఆ "ఆరు". పాతికేళ్ళు ఫార్మకాలజీ చెప్పి, ఇలాంటి కమిటీల్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, దరఖాస్తు కాగితాల్లో మనిషి ఆలోచించాడా లేదా అన్నది బయటపడేది ఈ సంఖ్య దగ్గరే. "గత అధ్యయనాల్లో ఆరు వాడారు" అన్నది కారణం కాదు, అది అలవాటు. ఎంత తేడా వస్తే దానికి వైద్యపరంగా అర్థం ఉంటుందో, ఒక ఎలుకకూ మరో ఎలుకకూ రక్తంలో చక్కెర ఎంత మారుతుందో పాత వ్యాసాల నుంచి తెలిస్తే, జీపవర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సంఖ్యను లెక్కగట్టవచ్చు. అది తెలియనప్పుడు ఒక సులభమైన లెక్క ఉంది. మొత్తం జంతువుల నుంచి గుంపుల సంఖ్యను తీసివేస్తే వచ్చేది పది నుంచి ఇరవై మధ్య ఉండాలి. మీకు మామూలు గుంపు, మధుమేహం గుంపు, ప్రామాణిక మందు గుంపు, రెండు మోతాదుల గుంపులు అని ఐదు ఉన్నాయనుకుందాం. గుంపుకు ఆరైతే ముప్ఫైలో ఐదు పోగా ఇరవై ఐదు, అంటే హద్దు దాటింది. గుంపుకు ఐదైతే ఇరవై ఐదులో ఐదు పోగా ఇరవై, సరిగ్గా సరిపోయింది. ఆ ఐదు ఎలుకలూ ఎందుకు చావాలన్నదే సభ్యుని ప్రశ్న.

అయితే మధుమేహం తెప్పించడానికి వాడే స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చిన ఎలుకల్లో కొన్ని చనిపోవడం, కొన్నింటికి మధుమేహం రాకపోవడం జరుగుతుంది. అందుకు అదనంగా కొన్ని కావాలనుకుంటే ఎన్ని కావాలో, ఏ అనుభవంతో ఆ సంఖ్య వేశారో విడిగా రాసి అడగండి. నిజాయితీగా అడిగిన అదనాన్ని కమిటీలు కాదనడం నేను చూడలేదు. ఆరులో దాచి అడిగినదాన్నే అనుమానిస్తారు.

ఇంతకంటే గట్టి ప్రశ్న ఒకటి మీకు రాబోతోంది. పొడపత్రి మీద మధుమేహం ఎలుకల్లో లెక్కలేనన్ని ప్రయోగాలు జరిగిపోయాయి, మీరు కొత్తగా ఏం తెలుసుకోబోతున్నారు? ఫారం-బిలో "ఇటువంటి ప్రయోగం ఇంతకు ముందు జరిగిందా, జరిగితే మళ్ళీ ఎందుకు" అన్న గడి ఉంటుంది, చూడండి. మీ సీనియర్ దాన్ని "లేదు" అని నింపి ఉంటే, మీరు ఆ "లేదు"ను కూడా దించేసి ఉంటే, ముందు దాన్ని సరిదిద్దండి. మీది ఒక ప్రత్యేకమైన సారమో, కొత్త రూపంలోని మందో అయితే ఆ మాట రాయండి. ఏదీ కాకపోతే ముందుగా పరీక్షనాళికలో ఎంజైము పరీక్షలు చేసి, అక్కడ తేడా కనిపిస్తేనే ఎలుకల దగ్గరకు వస్తామని దరఖాస్తును రెండు మెట్లుగా మార్చుకోండి. ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అని 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలకు మన దేశ కమిటీ ప్రయోగం తరువాత జంతువుల పునరావాసం అనే నాలుగోదాన్ని చేర్చింది. కమిటీ ఏ ప్రశ్న అడిగినా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తుంది.

బాధ గురించిన భాగంలో సాధారణంగా "తగిన జాగ్రత్తలు తీసుకుంటాము" అని ఒక్క వాక్యం కనిపిస్తుంది. దానికి బదులు మీరు చేయబోయే పనే రాయండి. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన తొలి రోజు చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఎలుకలు చనిపోవచ్చు కనుక తాగే నీటిలో గ్లూకోజు కలుపుతామని రాయండి. మధుమేహం వచ్చిన ఎలుక విపరీతంగా మూత్రం పోస్తుంది కనుక పంజరంలో పరుపును మిగతా గుంపులకంటే తరచుగా మారుస్తామని రాయండి. చక్కెర పరీక్షకు తోక చివర నుంచి ఒక చుక్క చాలు. ఎక్కువ రక్తం కావాలంటే ఎలుక ఒంట్లోని మొత్తం రక్తంలో పదో వంతును మించకూడదు, అంటే 250 గ్రాముల ఎలుక నుంచి ఒక విడతకు సుమారు 1.6 మిల్లీలీటర్లు. కంటి వెనుక నుంచి తీసేటట్లయితే మత్తు తప్పనిసరి. బరువు ఎంత శాతం తగ్గితే ఆ జంతువును ప్రయోగం నుంచి తప్పిస్తారో ముందే తేల్చండి, చాలా చోట్ల ఇరవై శాతాన్ని హద్దుగా పెట్టుకుంటారు. చివరకు ప్రాణం తీసే పద్ధతి, ఆ పని చేసే మనిషి, అతనికి ఉన్న శిక్షణ, కళేబరాల పారవేత కూడా ఉండాలి. మీ సీనియర్ ఫారంలో ఈథర్ అని ఉంటే కొట్టేయండి. అది శ్వాసనాళాన్ని మండిస్తుంది, పైగా సులభంగా అంటుకుంటుంది.

ప్రశ్న: మాది పల్లెటూరి దగ్గరి చిన్న ఫార్మసీ కాలేజీ. మాకు నమోదైన యానిమల్ హౌస్ లేదు. పది ఎలుకలే కదా, పెంపుడు జంతువుల దుకాణంలో కొని చేయవచ్చా? — ఒక అధ్యాపకుడు, సూర్యాపేట

సమాధానం: చేయకూడదు. పదైనా, ఒకటైనా ప్రయోగ జంతువు నమోదైన పెంపకందారు నుంచో, నమోదైన సంస్థ నుంచో రావాలి, నమోదైన చోటే ప్రయోగం జరగాలి. దుకాణపు ఎలుక వయసు, వంశం, జబ్బులు ఎవరికీ తెలియవు కనుక దానిపై వచ్చిన ఫలితానికి శాస్త్రంగా కూడా విలువ ఉండదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగ జంతువుల పెంపకానికి దేశమంతటా పేరుపడింది. అక్కడ పుట్టిన స్థూలకాయపు ఎలుక వంశాన్ని పరిశోధకులు ఆ సంస్థ పేరుతోనే పిలుస్తారు.

మీకు రెండు దారులున్నాయి. ఫారం-ఎతో సొంత నమోదుకు వెళ్ళడం ఒకటి. దానికి 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత, 30 నుంచి 70 శాతం తేమ నిలిపే గదులు, గంటకు 12 నుంచి 15 సార్లు గాలి మారే ఏర్పాటు, కొత్త జంతువులను వేరుగా ఉంచే క్వారంటైన్ గది వగైరా కావాలి. వేసవిలో మీ దగ్గర కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకుంటుందా లేదా చూసుకొని గానీ ఈ దారికి దిగకండి. ఏడాదికి పది ఎలుకల పనికైతే రెండో దారే మేలు. దగ్గరలోని నమోదైన సంస్థతో మాట్లాడుకొని, వారి కమిటీ ముందే దరఖాస్తు పెట్టి, పని అక్కడే చేయించండి.

ప్రశ్న: డిగ్రీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో కప్పను కోసి చూపడానికి కూడా ఈ అనుమతి అడగాలా? — ఒక లెక్చరర్, శ్రీకాకుళం

సమాధానం: అడగనక్కరలేదు, ఎందుకంటే అసలు కోయకూడదు. జువాలజీ, లైఫ్ సైన్సెస్ కోర్సుల్లో జంతువులను కోయడాన్ని ఆపమని యూజీసీ 2014లో ఆదేశించింది. వీలైనంత వరకు చేతి నైపుణ్యం కోసమే ప్రయోగాలు చేయరాదనీ, పుస్తకాలు, నమూనాలు, చలనచిత్రాలు సరిపోయే చోట జంతువులను వాడరాదనీ 1960 చట్టంలోని 17వ సెక్షనులోనే ఉంది. మా తరం మాత్రం ఎన్ని కప్పలను మైనం పళ్ళెంలో పరచి గుండుసూదులు గుచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తుంది.

ప్రశ్న: మేము ఇంట్లో తయారుచేసే సున్నిపిండి, ఫేస్‌ప్యాక్ అమ్ముతున్నాం. "కుందేళ్ళపై పరీక్షించినది" అని రాస్తే నమ్మకం పెరుగుతుందని ఒకరన్నారు. దానికి ఎక్కడ అనుమతి తీసుకోవాలి? — ఒక మహిళా సంఘం సభ్యురాలు, విజయవాడ

సమాధానం: ఎక్కడా ఇవ్వరమ్మా. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది, అలా పరీక్షించిన సరుకును దిగుమతి చేసుకోవడాన్ని కూడా అదే ఏడాది ఆపింది. ఆ మాట డబ్బా మీద రాస్తే నమ్మకం పెరగడం అటుంచి నోటీసు వస్తుంది.

ప్రశ్న: హైదరాబాదులో ఎలుకలపై మూడేళ్ళు పనిచేశాను. ఇప్పుడు పీహెచ్‌డీకి ఇంగ్లండు వచ్చాను. ఇక్కడ మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష అంటున్నారు. మన దేశపు అనుమతి ఇక్కడ పనికిరాదా? — ఒక పాఠకుడు, లీడ్స్

సమాధానం: పనికిరాదు. మన దగ్గర అనుమతి ప్రాజెక్టుకు, నమోదు సంస్థకు. అక్కడ 1986 నాటి చట్టం కింద హోం ఆఫీసు మూడు లైసెన్సులు ఇస్తుంది: చోటుకు ఒకటి, ప్రాజెక్టుకు ఒకటి, జంతువును ముట్టే ప్రతి మనిషికీ ఒకటి. ఆ మూడోది మీ సొంతం, దానికోసమే ఈ శిక్షణ. మీ పాత శిక్షణ పత్రాలు చూపి కొన్ని భాగాల నుంచి మినహాయింపు అడగవచ్చు గానీ అక్కడి చట్టానికి సంబంధించిన భాగాన్ని వదులుతారని ఆశపడకండి. ప్రాజెక్టు లైసెన్సు సాధారణంగా మీ ప్రొఫెసర్ పేరిట, గరిష్ఠంగా ఐదేళ్ళకు ఉంటుంది. ప్రతి పనికీ జంతువు పడే బాధ స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది అందులో ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ లైసెన్సు ప్రతిని ఒకటి తీసుకొని, మీరు చేయబోయే ప్రతి సూది, ప్రతి మోతాదు అందులో ఉన్నాయో లేదో చదువుకోండి. లేనిది ఏదైనా ఉంటే సవరణ వచ్చేదాకా ఆ పని ముట్టకండి. సవరణకు నెలలు పట్టవచ్చు కనుక మొదటి వారంలోనే ప్రొఫెసర్ గారిని అడగండి.