బంగారం తాకట్టు పెట్టే ముందు డిక్రీ నకలు చూడండి

ప్రశ్న: 2021లో నాన్నగారి ఆపరేషన్‌కు మా తమ్ముడు నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాడు. ప్రోనోటు మీద ష్యూరిటీగా నేనూ సంతకం చేశాను. 2022లో అక్కయ్యపాలెం నుంచి మధురవాడకు ఇల్లు మారాం. పది రోజుల క్రితం నా బ్యాంకు ఖాతా ఆగిపోయింది. అడిగితే కోర్టు అటాచ్‌మెంట్ (జప్తు) అన్నారు. 2023లో వేసిన దావాలో నా మీద 4.8 లక్షలకు ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే నేను హాజరు కాకుండానే తీర్పు, అయిందట! నాకు సమన్లే రాలేదు. తమ్ముడు ఫోన్‌పేలో లక్ష కట్టాడు కూడా. బంగారం తాకట్టు పెట్టి అంతా కట్టేయమంటారా?
– ప్రైవేటు స్కూలు టీచరు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు గడువు చూసుకోండి. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని, అది ఇచ్చిన కోర్టులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద పిటిషన్ వేయొచ్చు. దానికి 30 రోజులే గడువు. మామూలుగా డిక్రీ తేదీ నుంచి లెక్కిస్తారు, సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి. అందులో పది రోజులు ఇప్పటికే పోయాయి. ఖాతా ఆగినట్టు బ్యాంకు నుంచి వచ్చిన మెసేజో లేఖో ఉంటే దాచండి. మీకు ఎప్పుడు తెలిసిందో చెప్పే రుజువు అదే.

ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతో వెతికి కేసు నంబరు పట్టుకోండి. డిక్రీతో పాటు సమన్ల మీద కోర్టు అమీనా (సమన్లు అందించే ఉద్యోగి) రాసిన రిపోర్టు నకలు కూడా తీయించండి. మీ కేసు బలమంతా ఆ కాగితంలోనే ఉంటుంది. పాత ఇంటి తలుపుకు అంటించారా? పేపర్లో ప్రకటన వేశారా? ఇంటి ఓనరు చేతికిచ్చారా? మీరు లేనప్పుడు మీతో ఉంటున్న, మైనర్లు కాని కుటుంబసభ్యులు తీసుకుంటే చెల్లుతుంది కానీ, ఓనరు తీసుకుంటే కాదు. కవరు మీద ‘నిరాకరించారు’ అని ఉంటే మాత్రం అందినట్టే లెక్క. అప్పటికే మీరు మధురవాడలో ఉన్నారని అద్దె అగ్రిమెంటు, గ్యాస్ కనెక్షన్ బదిలీ కాగితాలు చూపించాలి.

ఒక్కటి మాత్రం నిజాయితీగా గుర్తు చేసుకోండి. వాయిదా తేదీ మీకు వేరే దారిలో ముందే తెలుసా? తెలిసి, హాజరయ్యేందుకు తగినంత సమయం ఉండి ఉంటే, సమన్లలో చిన్న లోపం ఉందన్న కారణం ఒక్కదానితోనే కోర్టు డిక్రీని రద్దు చేయదు.

ఇక డబ్బు లెక్క. వ్యాపార అప్పు కాకపోతే, డిక్రీ తర్వాత అసలు మీద వడ్డీ ఏడాదికి 6 శాతం మించకూడదు. అసలు 3 లక్షల మీద నెలకు 1,500. అదే 4.8 లక్షలకు 10 శాతం గోల్డ్ లోన్ అనుకుంటే నెలకు 4,000. కంగారుగా తాకట్టు పెడితే తక్కువ వడ్డీ బాకీని ఎక్కువ వడ్డీ బాకీగా మార్చుకున్నట్టే. జీతం జప్తు చేసినా మొత్తం తీసుకోలేరు. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మీవే. 28,000 జీతమైతే పోయేది నెలకు 9,000.

పిటిషన్ వేసినంత మాత్రాన ఖాతా తెరుచుకోదు. డిక్రీ అమలును ఆపే స్టేకి వేరే అర్జీ కావాలి. కొంత సొమ్ము డిపాజిట్ చేయమని కోర్టు షరతు పెట్టొచ్చు కాబట్టి, అత్యవసర నిధి ఉంటే దానికి అట్టిపెట్టండి. బంగారం గురించి ఆలోచించాల్సింది ఆ షరతు వచ్చాకే, అదీ ఆ మేరకే.

డిక్రీ రద్దయితే అప్పు మాఫీ కాదు, దావా మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే నా సలహా, కట్టిన లక్షకు చెల్లు వేయించడం కోసమే పోరాడండి. ఫోన్‌పే వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. నిజంగా మిగిలిన బాకీని లోక్ అదాలత్‌లో వాయిదాలకు ఒప్పించుకోండి. మీరు కట్టిన సొమ్మును తమ్ముడి దగ్గర రాబట్టుకునే హక్కు చట్టం మీకిచ్చింది. ప్రతి రశీదూ మీ పేరుతోనే తీసుకోండి.

లాయరు ఫీజుకు వెనకాడకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని వాళ్ల ఆఫీసుకు ఈ వారమే వెళ్లండి.