మనల్ని అడక్కుండానే శిక్ష తగ్గించేస్తారా?

ప్రశ్న: మా అబ్బాయికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఒక కన్సల్టెన్సీ అతనికి ఆరు లక్షలు కట్టి మోసపోయాను. కేసు పెట్టాను, ఛార్జిషీట్ వేశారు, పోయిన నెల కోర్టు ఛార్జెస్ (అభియోగాలు) కూడా ఫ్రేమ్ చేసింది. ఇప్పుడు వాడు నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడతానని పిటిషన్ వేశాడట, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు వాడి లాయరుతో మాట్లాడుతున్నారట. ఈ సంగతి కూడా కోర్టు కానిస్టేబుల్ చెబితేనే తెలిసింది. ఏపీపీ గారినే అడిగితే ‘అవసరమైతే పిలుస్తాంలెండి’ అన్నారు. డబ్బు పోయింది నాది, బేరం వాళ్లదా?
— ఓ పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఏపీపీ మీ లాయరు కాదండీ, ప్రభుత్వ లాయరు. చాలామంది ఇక్కడే పొరపడతారు. ముందున్న కేసు కట్టల్లో మీదొకటి, అంతే. మీకు ఫోన్ చేసి వివరంగా చెప్పే తీరిక ఆయనకు ఉండకపోవచ్చు. అలా ఉండటం బాగుందని అనను గానీ, ఆయన పిలుపు కోసం కూర్చోవద్దు.

ముందు ఆయన్ని ఒకటే అడగండి: ఇది రాజీయా, ప్లీ బార్గెయినింగా? కోర్టు వరండాలో రెండింటినీ కలిపి ‘సెటిల్‌మెంట్’ అనేస్తారు. చీటింగ్ కేసులో కోర్టు అనుమతితో రాజీ కుదిరితే నిందితుడు నిర్దోషిగా బయటికొస్తాడు. ప్లీ బార్గెయినింగ్‌లో అయితే నేరం ఒప్పుకుంటాడు కాబట్టి వాడు దోషే, శిక్ష మాత్రం తగ్గుతుంది. అందుకే నిందితులు ఎక్కువగా రాజీకే ఎగబడతారు, 2006 నుంచీ చట్టంలో ఉన్నా ప్లీ బార్గెయినింగ్ మన కోర్టుల్లో అరుదుగానే కనిపిస్తుంది.

మీరు విన్నది నిజమై అది ప్లీ బార్గెయినింగే అయితే, బీఎన్ఎస్ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ విచారణ చట్టం) 289 నుంచి 300 వరకు ఉన్న సెక్షన్లు చూడాలి. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే ఇది వర్తిస్తుంది, ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు కుదరదు. ఛార్జెస్ ఫ్రేమ్ అయిన 30 రోజుల్లోపు నిందితుడు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరైనా బెదిరించి పెట్టించారా, ఇష్టపడే పెట్టాడా అని జడ్జి వాణ్ని విడిగా విచారిస్తారు, ఆ సమయంలో మిమ్మల్ని లోపలికి రానివ్వరు, దానికి కంగారు పడొద్దు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి 60 రోజులకు మించకుండా గడువిస్తారు. ఆ మీటింగ్‌కి ప్రాసిక్యూటర్‌కి, దర్యాప్తు చేసిన పోలీసు అధికారికి, నిందితుడికి, బాధితుడికి కోర్టే నోటీసు ఇవ్వాలి. కాబట్టి ‘అవసరమైతే’ అన్న మాట చెల్లదు. మీటింగ్‌లో కూర్చున్న వాళ్లందరూ రిపోర్టు మీద సంతకం పెట్టాలి, అందులో మీరూ ఒకరు. అందరికీ సమ్మతమైన పరిష్కారం కుదరకపోతే కేసు మామూలుగా విచారణకు వెళ్తుంది.

నోటీసు రాలేదంటున్నారా? ఎఫ్ఐఆర్‌లో ఉన్న అడ్రస్ చూసుకోండి. ఇల్లు మారితే నోటీసు పాత ఇంటికే పోతుంది, మన ఊళ్లో అద్దె ఇళ్ల సంగతి తెలిసిందేగా. కొత్త అడ్రస్, ఫోన్ నంబరు కాగితం మీద రాసి కోర్టులోనూ ఏపీపీ ఆఫీసులోనూ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కోర్టు కేసుకూ ఉండే గుర్తింపు నంబరు) ఈకోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా మీరే చూసుకోవచ్చు.

అదే కాగితంలో మీకు ఎంత రావాలో కూడా రాయండి. ఆరు లక్షలు, కట్టిన రోజులు, బ్యాంకు స్టేట్‌మెంట్, తిరిగిన ఖర్చులు, అన్నీ. నష్టపరిహారం ఈ ఒప్పందంలో భాగమే, కానీ లెక్క మీరు ఇవ్వకపోతే వాళ్ల లాయరు చెప్పిన అంకె మీదే బేరం నడుస్తుంది. డబ్బు ఎప్పుడు, ఎలా ఇస్తాడో రాయించండి, ‘తర్వాత సర్దుతాను’ అంటే ఒప్పుకోకండి.

శిక్ష ఎంత తగ్గుతుందో తెలిస్తే మీకు మళ్లీ ఒళ్లు మండొచ్చు. ఏడేళ్ల వరకు శిక్ష పడే చీటింగ్‌లో నాలుగో వంతు, అంటే ఏడాది తొమ్మిది నెలలు. మొదటిసారి నేరం చేసినవాడైతే ఆరో వంతు, అంటే ఏడాది రెండు నెలలు. రిమాండ్‌లో గడిపిన రోజులు అందులోంచి పోతాయి, ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతుతో జైలుకు పంపకుండా వదిలే వీలూ ఉంది. పైగా ఈ తీర్పు మీద మామూలు అప్పీలు లేదు, హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్ తప్ప. అందుకే చదవకుండా సంతకం పెట్టొద్దు, ఖాళీ కాగితం మీదైతే ఎవరు ఎంత మంచిగా అడిగినా సరే పెట్టొద్దు. ప్రాసిక్యూషన్‌కి సాయంగా మీ సొంత లాయరును పెట్టుకుంటానని కోర్టు అనుమతి అడగొచ్చు. ఫీజు కష్టమైతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి, మీకు ఉచిత సాయం వర్తిస్తుందేమో కనుక్కోండి.

ప్రశ్న: మా వాడు డల్లాస్‌లో చదువుతున్నాడు. పార్కింగ్‌లో కొట్టి ఫోన్, పర్సు లాక్కున్నారు. ఒకణ్ని పట్టుకున్నారట. డీఏ (డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటర్) ఆఫీసు నుంచి ఏదో ‘ఇంపాక్ట్ స్టేట్‌మెంట్’ నింపమని ఫారం వచ్చింది. వీసాకి ఇబ్బందేమోనని వాడికి టెన్షన్, నాకూ టెన్షన్. వదిలేయమనమంటారా?
— ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వదిలేయొద్దమ్మా, నింపమనండి. నేరం వల్ల తనకు జరిగిన నష్టం, పడిన బాధ బాధితుడు రాసిచ్చే కాగితం అది. అక్కడ శిక్షలు పడే కేసుల్లో విచారణ దాకా వెళ్లేవి చాలా తక్కువ. 2012లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ప్రకారం శిక్ష పడిన ఫెడరల్ (కేంద్ర) కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల కేసుల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. అంటే మీ వాడు సాక్ష్యం చెప్పే రోజు రాకపోవచ్చు, వాడి మాట జడ్జి దాకా చేరడానికి ఈ ఫారమే దారి. టెక్సాస్‌లో అలాంటి ఒప్పందాన్ని ఆమోదించే ముందు జడ్జి అడగాల్సినవి ఉన్నాయి: ఈ స్టేట్‌మెంట్ తిరిగి వచ్చిందా, ఒప్పందం షరతులు బాధితుడికి తెలియజేశారా అని. అయితే మనలా అక్కడ బాధితుడి సంతకం అక్కర్లేదు, నిర్ణయం ప్రాసిక్యూటర్‌దే.

డీఏ ఆఫీసులో బాధితుల కోసమే ఒక కోఆర్డినేటర్ ఉంటారు. మీ వాణ్ని ఆ మనిషికే మెయిల్ పెట్టమనండి, ఆఫర్ ఏదైనా ఇస్తే ముందే చెప్పమని. వీసా సంగతి ఇక్కణ్నుంచి నేను ఊహించి చెప్పను, అక్కడి ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. కొన్ని నేరాల్లో బాధితులై పోలీసులకు సహకరించిన విదేశీయుల కోసం యూ వీసా అని ఒకటుంది, దాని గురించి కూడా పనిలో పనిగా అడగమనండి.