గోడమీద మడ అడవి: ఏం గీయాలి?

ప్రశ్న: అమలాపురం సమీపంలోని ఒక పాఠశాలలో డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మడ అడవుల గురించి చైతన్యం కలిగించాలని పిల్లలతో కలిసి గోడలపై ఎండిన మోడులు, అరచేతుల్లో భూగోళం వంటి బొమ్మలు వేయించాను. ఎవరూ ఆగి చూడడం లేదు. ఇంకెలా గీయాలి?

జవాబు: అరచేతిలో భూగోళం ఏ ఊరి గోడపైనైనా ఉండవచ్చు గనుక, అందులో మీ ఊరివారికి తమదని అనిపించేది ఏమీ ఉండదు. ముందుగా పిల్లలను 1978లో ఏర్పడిన, కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల అభయారణ్యానికి తీసుకువెళ్లి, ఒకే చోటును పోటు సమయంలోనూ, ఆటు సమయంలోనూ గీయించండి. నీరు తీసినప్పుడు బురదలోంచి నిటారుగా పైకి లేచిన నల్లమడ చెట్టు శ్వాసవేర్లు, గాలి అందని నేలలో ఆ చెట్టు ఊపిరి తీసుకునే మార్గాలు. చెట్టుమీద ఉండగానే మొలకెత్తి వేలాడే ఉప్పుపొన్న అనే మడచెట్టు మొలకలను కూడా దగ్గరగా చూడమనండి. అక్కడ చేపలు పట్టి తినే బావురుపిల్లి ఎక్కువగా రాత్రివేళ తిరిగే జంతువు కనుక కనిపించకపోవచ్చు. ఒడ్డున దాని అడుగుజాడలు దొరికితే వాటినే గీయండి, అంతకంటె నిజాయితీ గల చిత్రం ఉండదు.

అందం ఒక్కటే చూపితే ప్రమాదం అర్థం కాదు. రొయ్యల చెరువు గట్టు పోటునీటి దారికి అడ్డుపడితే, లోపల నేల ఎండి ఉప్పు పేరుకుంటుంది, లేదా నీరు నిలిచి శ్వాసవేర్లు మునిగిపోతాయి. రెండు విధాలా చెట్టు చస్తుంది. గట్టుకు ఒక పక్క ఆటుపోట్లున్న అడవినీ, మరో పక్క అవి ఆగిన నేలనూ ఒకే గోడపై చూపితే కారణం కంటికి తెలుస్తుంది. ఎగువ ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిన సంగతిని బొమ్మలో చూపడం ఇంతకంటె కష్టం. దానికి వేరే గోడ కేటాయించడం మేలని నా అభిప్రాయం. రొయ్యల చెరువులమీద బతికేవారు కూడా గట్టు బొమ్మ ఉన్న గోడ ముందునుంచే నడుస్తారు కాబట్టి, వారిని దోషులుగా చిత్రించకండి.

అడవినుంచి కొమ్మలు, మొలకలు తేవద్దు. మడ అడవిలో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలకు ముందే చెప్పండి. చిత్రాలను ఫ్లెక్సీలపై ముద్రించవద్దు. ఆ ప్లాస్టిక్ చివరికి కాలువల్లోకే చేరుతుంది.

రంగులు వేయకముందే, రేఖాచిత్రం దశలోనే, పీతల వేటకు వెళ్లేవారిని పిలిచి చూపండి. వేర్ల ఎత్తు, పీతల బొరియల చోటు, నీటిమట్టం సరిగా లేకపోతే వారు వెంటనే పట్టుకుంటారు. ఆ సవరణలన్నీ చేశాకే రంగులు వేయించండి.