అన్నయ్యది ఇండియాలో సర్కారీ ఉద్యోగం: నాకు అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా?

ప్రశ్న: వర్జీనియాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. 2019లో అమెరికా పౌరసత్వం వచ్చింది, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు కూడా ఉంది. ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ 'సీక్రెట్' క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) వస్తేనే ఉద్యోగం అంటోంది. అమ్మానాన్న ఆంధ్రాలో ఉంటారు. అన్నయ్య రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. నాన్నతో నాకు జాయింట్ అకౌంట్ ఉంది. ఓసీఐ వదులుకోవాలా? అన్నయ్య ఉద్యోగం సంగతి రాయకపోతే ఏమవుతుంది?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం, అసలు ప్రమాదం అక్కడే ఉంది. క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో 18వ సెక్షన్ తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామల వివరాలు అడుగుతుంది. వాళ్లలో ఎవరికైనా విదేశీ ప్రభుత్వంతో సంబంధం ఉందా అని కూడా అడుగుతుంది. అన్నయ్య ఉద్యోగం వల్ల వచ్చే ఇబ్బందికి సర్దిచెప్పుకోవచ్చు. దాన్ని దాచితే మాత్రం మీ నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 మార్గదర్శకాల్లో మొత్తం 13 అంశాలున్నాయి. మీకు తగిలేవి ముఖ్యంగా రెండు: విదేశీ ప్రభావం, విదేశం వైపు మొగ్గు. ఇండియాలో చుట్టాలున్నంత మాత్రాన ఎవరినీ తిప్పి పంపరు. మీవాళ్ల మీద ఒత్తిడి తెచ్చి మిమ్మల్ని లొంగదీసుకునే వీలుందా అన్నదే అధికారులు చూస్తారు. కాబట్టి అన్నయ్య ఏ శాఖలో, ఏ పని చేస్తారో స్పష్టంగా రాయండి. బడిలో పాఠాలు చెప్పే అన్నయ్య వేరు, పోలీసు ఇంటెలిజెన్స్‌లో ఉన్న అన్నయ్య వేరు. ఇల్లు, పిల్లల చదువు, పొదుపు అన్నీ అమెరికాలోనే ఉంటే అవి మీకు బాగా కలిసొస్తాయి. ఆ కాగితాలు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి, ఎందుకంటే సందేహం మిగిలితే నిర్ణయం దేశ భద్రత వైపే మొగ్గుతుంది.

ఇక ఓసీఐ. పేరులో 'సిటిజన్' అని ఉన్నా అది భారత పౌరసత్వం కాదు. మీరు అమెరికా పౌరులైన రోజే భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం అక్కడి పౌరసత్వం పోయింది. నిజంగా ద్వంద్వ పౌరసత్వం ఉన్నా, అదొక్కటే అనర్హత కాదని సీడ్-4 చెబుతోంది. అందుకే ఇప్పుడే కార్డు వదిలేయాలని హడావిడి పడకండి, కార్డు ఉందని వివరణలో రాస్తే చాలు. పాత ఇండియన్ పాస్‌పోర్టు రద్దయినా దాని వివరాలు ఇవ్వాల్సిందే, సరెండర్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఊళ్లో ఓటరు జాబితాలో మీ పేరు ఇంకా ఉంటే ఫారం-7 పెట్టించి తీసేయించండి. పొరపాటున కూడా అక్కడ ఓటు వేయకండి!

జాయింట్ అకౌంట్ దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దొరికిపోతారు. "అది నాన్న డబ్బే కదా" అనుకుని వదిలేస్తారు. మీ పేరు ఉంటే ఎస్ఎఫ్-86లోని 20ఏ సెక్షన్‌లో చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక) కూడా ఫైల్ చేయాలి. చేయకపోయి ఉంటే ఎస్ఎఫ్-86 నింపేలోపే ట్యాక్స్ నిపుణుణ్ని కలవండి.

క్లియరెన్స్‌కు సొంతంగా అప్లై చేయలేరు, కంపెనీయే స్పాన్సర్ చేయాలి. ఒకవేళ అభ్యంతరాలతో 'స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్' వస్తే కాంట్రాక్టర్ ఉద్యోగులకు జవాబు గడువు మామూలుగా 20 రోజులే. అది చేతికి అందిన రోజే లాయరుకు చూపించండి.