స్నూపీ వాచీ కొనబోతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నువ్వు ఒమేగా స్పీడ్‌మాస్టర్ కొంటున్నావని, అందులోనూ 2015లో వచ్చిన, కార్టూన్ కుక్క స్నూపీ బొమ్మున్న ఎడిషన్ సెకండ్‌హ్యాండ్‌లో చూసుకున్నావని మీ చెల్లి చెప్పింది. వినగానే గర్వంగా అనిపించింది. కాసేపటికి టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకని రాస్తున్నాను.

డబ్బు గురించి ఒక్క ముక్క: అప్పు చేసి కొనకు, ముఖం చూడని మనిషికి అడ్వాన్స్ పంపకు.

వాచీకి మాత్రం వంక పెట్టను. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి మీదికి బయల్దేరిన అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలాక, కరెంటు మిగుల్చుకోవడానికి ఆపగలిగినవన్నీ ఆపేసి వెనక్కి వస్తున్నారు అందులోని వ్యోమగాములు. దారి సరిచేసుకోవడానికి ఇంజిన్ 14 సెకన్లు మండించి ఆపాలి. లోవెల్ కిటికీలోంచి భూమిని గురిపెట్టుకుని చూస్తుంటే, తోటి వ్యోమగామి స్విగర్ట్ తన చేతికున్న స్పీడ్‌మాస్టర్‌లో సెకన్లు లెక్కపెట్టాడు. ఆ ఏడాదే ఒమేగాకి నాసా వ్యోమగాములు ఇచ్చే సిల్వర్ స్నూపీ అవార్డు వచ్చింది. నీ ఎడిషన్‌లో 1970 వాచీలే చేసింది అందుకే. 14 సెకన్లలో నువ్వేం చెయ్యగలవని డయల్ మీద 0కీ 14కీ మధ్య చిన్న అక్షరాల్లో అడిగిందీ అందుకే. ఈ కథలు నాకన్నా నీకే బాగా వచ్చులే.

లోపలున్నది 1861 నంబరు మిషను, ఆటోమేటిక్ కాదు. నిండా కీ ఇస్తే 48 గంటలు తిరుగుతుంది. మీ తాత హెచ్ఎంటీ జనతాకి పొద్దున కాఫీ తాగకముందే కీ ఇచ్చేవారు. నువ్వూ అలా ఒక వేళ పెట్టుకో. గట్టిపడగానే ఆపెయ్యి, మొండిగా తిప్పకు. నీళ్లలో పక్క బటన్లు నొక్కకు.

ఇక నా అసలు భయం. వాచీ పోతుందని కాదు, దాన్ని ఎవరో బాగుచేస్తారని.

మీ పెద్దమామయ్య కువైట్‌లో ఉండగా తనతో పనిచేసే ఒక ఇంగ్లీషాయన దగ్గర స్పీడ్‌మాస్టర్ కొన్నాడు. 1969 ప్రాంతం వాచీ. అన్నయ్య సెలవుకి వచ్చిన ప్రతిసారీ దాన్ని నా షాపు బల్ల మీద పెట్టేవాడు. నేను ఐగ్లాస్ పెట్టుకుని చూసేవాణ్ణి. బెల్టు పట్టే కొమ్ములు మెలితిరిగి ఉండేవి, మెరుపు భాగానికీ గీతల భాగానికీ మధ్య వేలికి తగిలేంత పదునైన అంచు. బెజెల్, అదే అద్దం చుట్టూ అంకెలుండే రింగు, దాని నలుపు కాస్త వెలిసి బూడిదరంగుకి తిరిగింది. దాని మీద 90 అంకెకి పైన చిన్న చుక్క. తర్వాత వచ్చినవాటిలో ఆ చుక్క పక్కకి జరిగింది.

కూతురి పెళ్లికి దాన్ని కొత్తదానిలా చెయ్యమన్నాడు. చెయ్యనన్నాను. ఆ చుక్క విలువ అప్పట్లో నాకూ తెలీదు. పోయిన లోహం తిరిగి రాదని నాకు పని నేర్పినాయన పదేపదే చెప్పేవాడు, అదే అన్నాను. అన్నయ్యకి కోపం వచ్చింది, "నీకు బద్ధకంరా" అని వేరే ఊళ్లో ఇచ్చాడు. వాళ్లు బఫింగ్ చక్రానికి పెట్టి అంచులన్నీ గుండ్రంగా అరగదీశారు. బెజెల్ మార్చారు. పాత ముళ్లు తీసేసి తెల్లటివి వేశారు, డయల్ మీదేమో చుక్కలు మీగడ రంగులో ఉన్నాయి. పాత భాగాలు అడిగితే పారేశామన్నారట. పెళ్లిలో అందరికీ చెయ్యి చాపి చూపించాడు అన్నయ్య. నేనూ బాగుందన్నాను, పెళ్లింట్లో ఇంకేమంటాను?

ఈమధ్య వాళ్లబ్బాయి ధర కట్టిస్తే, మిషను బాగానే ఉందిగానీ వాచీ మిగల్లేదన్నారు. ఇప్పుడు చుక్క 90 పైనున్న ఆ బెజెల్ రింగు కోసమే జనం వేల డాలర్లు పెడుతున్నారు. పాపం, అన్నయ్య ఇది వినకుండానే వెళ్లిపోయాడు. నయమే.

కాబట్టి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు రసీదు మీదే రాయించు: బఫింగ్ వద్దు, మార్చిన ప్రతి భాగం తిరిగివ్వాలి. నోటిమాట చాలదు. నీ వాచీ వెనకున్న వెండి స్నూపీ పతకం నల్లబడినా నువ్వు పాలిష్ గుడ్డ పట్టుకు కూర్చోకు. చిన్నప్పుడు నా బల్ల దగ్గర ఐగ్లాస్ కంటికి పెట్టుకుని, జారిపోకుండా ముఖమంతా ముడిచి, నేను విప్పిన టైంపీసు స్క్రూలన్నీ గళ్లచొక్కాతో తుడిచావు. రెండు దొరకనే లేదు. అందుకే చెబుతున్నా.

కొనేటప్పుడు వాచీతో వచ్చిన కార్డు మీద నంబరూ, వాచీ మీద నంబరూ, వెనక ఆ 1970 వాచీల్లో ఇది ఎన్నోదో చెక్కిన అంకే నీ కళ్లతో సరిచూడు. పెట్టె బాగుందని మోసపోకు. 2021లో జెనీవా వేలంలో 1957 నాటి స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. వేర్వేరు వాచీల ముక్కలు కూర్చి చేసిందని 2023లో బయటపడింది. కొన్నదెవరో తెలుసా? ఒమేగానే, తన మ్యూజియం కోసం!

చూడ్డానికి వెళ్లిన రోజు నాకు వీడియో కాల్ చెయ్యి. కొమ్ముల అంచులు పగటి వెలుతురులో చూపించు, ట్యూబ్‌లైట్ కింద ఏదైనా కొత్తగానే కనిపిస్తుంది. అమ్మేవాడు తొందరపెడితే లేచి వచ్చెయ్.

మీ అమ్మ అడిగితే మేనల్లుడు వాచీ కొంటున్నాడని మాత్రమే చెప్పాను. ధర సంగతి నువ్వే చూసుకో, నన్ను ఇరికించకు.

మీ చిన్నమామయ్య