బౌలింగ్ వేసేటప్పుడు చేయి బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచి టెన్నిస్ బంతితో ఆడి, ఆరు నెలల క్రితం లెదర్ బంతికి మారాను. కుడిచేతి పేస్ బౌలర్‌ను. మోచేయి వంగితే ‘త్రో’ (నియమం ఒప్పుకోని విసురు) అంటారని సీనియర్లు హెచ్చరించడంతో చేతిని గట్టిగా చాపి వేస్తున్నాను. అప్పటి నుంచి వేగం తగ్గింది, బంతి లెగ్ సైడుకు పోతోంది, సాయంత్రానికి భుజం పట్టేస్తోంది. చేయి సులువుగా తిరగాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందుగా ఆ హెచ్చరికను మనసులోంచి తీసేయండి, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగం అక్కడే మొదలైంది. చేయి వంగి ఉండడాన్ని నియమం తప్పు పట్టదు. చేయి భుజం ఎత్తుకు వచ్చిన క్షణం నుంచి బంతి వేళ్లను వదిలే వరకు మోచేయి ఎంత చాచుకుంటుందన్నదే అది చూస్తుంది. ఆ తేడా 15 డిగ్రీలు దాటకూడదని అంతర్జాతీయ క్రికెట్ మండలి పరిమితి పెట్టింది. పుట్టుకతోనే మోచేయి పూర్తిగా చాపలేని శ్రీలంక బౌలర్ ముత్తయ్య మురళీధరన్ టెస్టుల్లో 800 వికెట్లు తీశారు. మీరు చేతిని కర్రలా బిగించనక్కర లేదు. మోచేయి తనకు అలవాటైన కోణంలో, ఆ కోణం మారకుండా తిరిగి వస్తే చాలు.

రెండో కారణం బంతి బరువు. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు, లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. తేలిక బంతిని ముంజేతి విసురుతోనే వేగంగా పంపవచ్చు గనుక ఏళ్ల తరబడి మీ చేతికి అదే అలవాటైంది. బరువైన బంతికి వేగం పరుగులో పుట్టి, ముందు కాలు గట్టిగా ఆనినప్పుడు నడుముకు, ఛాతీకి చేరి, చివరికి చేతిలోకి వస్తుంది. భుజాన్ని ముందే బిగిస్తే అలా వస్తున్న వేగానికి మనమే అడ్డుపడినట్టవుతుంది.

బిగువు తరచుగా వేళ్ల దగ్గరే మొదలవుతుంది. వేళ్లను ముడిచే కండరాలు ముంజేతిలోనూ మోచేతి దగ్గరా ఉంటాయి గనుక, బంతిని గట్టిగా పిడికిట పడితే చేయంతా బిగుస్తుంది. వెనక నుంచి స్నేహితుడు లాగితే బంతి సులువుగా జారివచ్చేంత వదులుగా పట్టుకోండి.

ఇక ఎడమ చేయి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అసలు పని దీనిదే. గిలక మీద తాడుకు ఒక కొస కిందికి లాగితే రెండో కొస దానంతట అదే పైకి వచ్చినట్టు, ఎడమ చేయి ఎత్తుగా లేచి నడుము పక్కకు నిటారుగా దిగితే కుడి చేయి ప్రయత్నం లేకుండానే తల పక్కగా తిరుగుతుంది. ఎడమ చేయి పక్కకు పడిపోతే ఛాతీ ముందే తెరుచుకుంటుంది, బంతి లెగ్ సైడుకు పోతుంది. మీకు జరుగుతున్నది బహుశా ఇదే.

సాధనకు పాత మేజోడులో బంతి వేసి, కొసను పట్టుకుని, నిలబడిన చోటే చేతిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. మేజోడు ఎక్కడ సడలుతుందో అక్కడ మీరు చేతిని కుదుపుతున్నారన్నమాట. అది సాఫీగా తిరిగాక బంతితో నిలబడి, తరువాత మూడు అడుగులు నడిచి వేయండి. కనీసం రెండు వారాలు పూర్తి పరుగు జోలికి పోవద్దు. ఆ రెండు వారాల్లో బంతి ఎక్కడ పడుతుందో చూడవద్దు, అది మనకిష్టమైన అలవాటే అయినా. మన అనంతపురం నేలలు ఎండకు గట్టిపడి పైన సన్నని మన్ను జారుతుంది. కాలు జారుతుందన్న భయం నేరుగా భుజాల్లోకి వస్తుంది కాబట్టి పట్టున్న బూట్లు వేసుకుని, ఉదయం చల్లపూటే సాధన చేయండి.

ఇవన్నీ కండరాల అలసట మాత్రమే ఉన్నవారికి. భుజం ముందు భాగంలో గానీ మోచేతి లోపలి వైపు గానీ నొప్పి తెల్లారినా తగ్గకుంటే, బంతి పక్కన పెట్టి ఎముకల వైద్యుడికి చూపించి, వారు సరేనన్నాకే మేజోడు చేతిలోకి తీసుకోండి.